తీగ పట్టినవాడు

"పేషెంటు పేరు చెప్పు తాతా," అన్నది కిటికీ అవతల కూర్చున్న పిల్ల.

నేను కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరిచాను కూడా. నాలుక ఆ పేరు మొదటి అక్షరం దాకా పోయి వెనక్కి వచ్చింది.

"తెల్వదా పేరు?"

"తెల్సు."

"తెలిస్తే చెప్పు మరి. వెనక జనం ఉన్నరు."

"నేను పలుకొద్దు బిడ్డా ఆ పేరు."

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. పెద్దవాళ్ళకు మతి తప్పడం ఆమెకు రోజూ కనబడేదే కాబోలు, విసుక్కోలేదు. ఊరు అడిగింది, చెప్పాను. వయసు అడిగితే నా వయసే అన్నాను. ఏం జబ్బని అడిగితే ఊపిరాడతలేదట అన్నాను.

"ఊపిరాడనోళ్ళు రెండు వార్డుల నిండ ఉన్నరు తాతా. జెరసేపు కూసో. పేరు యాదికొస్తే వచ్చి చెప్పు."

పేరు యాదికి రాకపోవడం కాదమ్మా, అరవై ఏళ్ళుగా అది యాదిలోంచి పోకపోవడమే నా రోగం, అని ఆమెకు ఎలా చెప్పేది? పోయి బల్ల మీద కూర్చున్నాను. గోడకు టీవీ ఉంది. అందులో నీలం సముద్రం. తెల్లదొరల పిల్లలు నున్నటి పలకల మీద నిలబడి, చేతులు చాపి, కొండంత అలల మీద జారుతున్నారు. పక్కన కూర్చున్న కుర్రవాడు, చేతికి కట్టు కట్టుకున్నవాడు, నా చూపు గమనించి చెప్పాడు.

"సర్ఫింగ్ అంటరు తాతా దాన్ని. ఫారినోళ్ళ ఆట. మన దిక్కు ఏడుంటది."

"మేం ఆడినం."

"యాడ?"

"గోదాట్ల."

కుర్రవాడు నవ్వి, "మస్తు జోకులేస్తవ్ తాతా," అని ఫోను తీసుకున్నాడు.

నాకు కోపం వచ్చింది. ఈ వయసులో నాకు తొందరగా వచ్చేది అదొక్కటే. వాడి మీద కాదు. ఏదైనా ఎవరో తెల్లవాడు చేస్తే తప్ప ఆట అనిపించుకోని, టీవీలోకి ఎక్కితే తప్ప జరిగినట్టు కాని ఈ లోకం మీద. నాకు బడి అయిదో తరగతితో ఆగిపోయింది. మిగిలిన చదువంతా బెల్లం పొట్లాల కాగితాల మీద, చినిగిన పత్రికల మీద చదువుకున్నాను. అందులో గోదావరి అందాల గురించి రాసిన వాళ్ళు ఎందరో. ఆ నీటి మీద ఎవరు నిలబడ్డారో, ఎవరు మునిగారో రాసినవాడు ఒక్కడూ లేడు. అందుకే ఇది నేనే రాస్తున్నాను.

మా ఊరు పర్ణశాలకు ఎగువన, గోదావరి ఒడ్డున. ఊరు అనడం ఎక్కువ. అడవిలో వెదురు కొట్టించే కాంట్రాక్టరు వేసిన క్యాంపు అది. తడికల షెడ్లు, ఎడ్లబండ్లు, వెదురు గుట్టలు. మా నాయిన ఆ క్యాంపులో వంటవాడు. రెండు గాడిపొయ్యిలు, మనిషి దూరేంత గుండిగలు. తెల్లవారగానే కందిపప్పు ఉడికే వాసన, చింతపండు పులుసు వాసన, పచ్చి వెదురు చీల్చినప్పుడు వచ్చే తియ్యటి వాసన, మూడూ కలిసి మా షెడ్డులోకి వచ్చేవి. ఇప్పటికీ నాకు పొద్దు పొడవడమంటే ఆ వాసనే.

క్యాంపుకు అరమైలు దూరంలో కోయ గూడెం. కొట్టిన వెదురును తెప్పలుగా కట్టి, గోదావరి మీద కిందికి, కాగితం మిల్లుల దాకా నడిపేది ఆ గూడెం మగవాళ్ళే. అందులో అందరికన్నా పెద్ద చెయ్యి నా దోస్తు వాళ్ళ అయ్యది. తెప్ప ముందు కొసన గడ పట్టుకుని ఆయన నిలబడితే, వెనక కొసన ఆయన తమ్ముడు నిలబడేవాడు. ఆ తమ్ముణ్ణి గూడెమంతా చిన్నాయన అనేది. నేనూ అలాగే అన్నాను. ఆయన అసలు పేరు నాకు ఇవ్వాళ్టికీ తెలియదు. అడగలేదు.

నా దోస్తును మొదట చూసింది నేను మునిగిపోతున్నప్పుడు. రేవులో కాలు జారి నాలుగు గుటకలు మింగాక, జుట్టు పట్టుకుని ఒడ్డున పడేశాడు. "పగిలిన కుండ లెక్క ఈదుతవేందిర," అన్నాడు. నా ఈడువాడే, నాకన్నా బెత్తెడు పొట్టి. ఆ మధ్యాహ్నం నాయిన కళ్ళుగప్పి ఒక బెల్లం గడ్డ తెచ్చి ఇచ్చాను. వాడు సగం కొరికి సగం నాకిచ్చాడు. మరునాడు వాళ్ళింట్లో మామిడి టెంకల జావ తాగించాడు. ఎండిన టెంకలు దంచి, వగరు పోయేదాకా నీళ్ళలో నానేసి కాచిన జావ. నేను మొహం ముడిస్తే వాడి అవ్వ పళ్ళు లేని నోటితో నవ్వింది.

"వంటాయన కొడుక్కు పప్పు గావాల్నట," అన్నది. "తాగు బిడ్డా. వానకాలం మమ్మల్ని బతికిచ్చేది గిదే."

రెండో గుక్కకు అలవాటైంది. ఆ ఎండాకాలం చివర ఆ అవ్వే మాకు నేస్తం కట్టింది.

ఇది ఇప్పటివాళ్ళకు చెప్పాలి. ఆ రోజుల్లో మా దిక్కు ఇద్దరు కలిసి తిరిగితే సరిపోదు, పెద్దలు కూర్చోబెట్టి నేస్తం కట్టాలి. అవ్వ మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, అడ్డాకు డొప్పలో చిక్కుడు గింజల కూర, జొన్న గటక పెట్టింది. నా చేత్తో వాడి నోట్లో, వాడి చేత్తో నా నోట్లో పెట్టించింది. నూలుపోగు ఇద్దరి మణికట్లకు కలిపి కట్టి, తర్వాత మధ్యకు తెంపింది.

"ఇయ్యాల్టి సంది మీరు ఒకరి పేరు ఒకరు పలుకొద్దు. నేస్తం అనాలె. ఎదురుగ్గని, సాటుకు గని, పేరు నోట్లకు రావొద్దు."

"ఎందుకవ్వా?" అన్నాను. నాకు ప్రతిదానికీ ఎందుకని అడగడం జబ్బు.

"పేరు పెట్టి పిలిచేది ఊరోళ్ళు, సర్కారోళ్ళు. నేస్తానికి పేరెందుకు?"

"పలికితే ఏమయితది? కండ్లు పోతయా?"

"ఏం గాదు," అన్నది అవ్వ, నూలు కొసలు పొయ్యిలో వేస్తూ. "నేస్తం గాకుంట పోతడు. ఊరోడయితడు. గంతే."

అంత చిన్న శిక్షా అనుకున్నాను అప్పుడు.

ఆ ఏడు తొలకరిలో ఒక పాత దోనె రేవుకు కొట్టుకొచ్చి బండకు తగిలి నిలువునా చీలింది. మనిషి పొడుగు చెక్క ఒకటి మాకు దొరికింది. ఒక కొస సహజంగానే పైకి వంపు తిరిగి ఉంది. నేస్తం గొడ్డలితో దాన్ని చెక్కాడు. అడుగున ఇప్పనూనె పట్టించాం, జారడానికి. పైన గుగ్గిలం కరిగించి పోసి, వేడి మీదే ఇసక చల్లాం, కాలు జారకుండా. ఆ నూనె కంపు వారం రోజులు మా ఒంటి నుంచి పోలేదు. మా అమ్మ నన్ను షెడ్డు బయటే కూర్చోబెట్టి అన్నం పెట్టింది.

ఊరికి కొంచెం దిగువన ఒక పాత రాతి ఆనకట్ట ఉండేది. ఎర్రనీళ్ళు దిగిన తొలి రోజుల్లో నీరు దాని మీదుగా పొర్లి, వాలుబండ మీద జారి, కింద ఒక్కచోట పైకి లేచేది. ఆ అల ఎక్కడికీ పోదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే, పడగ ఎత్తినట్టు నిలబడి ఉంటుంది. చెక్క దాని మీద పెట్టి ఎక్కితే, కింద నీళ్ళు గుర్రాల్లా పరుగెత్తిపోతుంటాయి, మనం మాత్రం ఉన్నచోటే ఉంటాం. మొదట బోర్లా పడుకున్నాం. తర్వాత మోకాళ్ళ మీద లేచాం. మూడో రోజు నేస్తం లేచి నిలబడ్డాడు. నల్లటి ఒళ్ళు, ఎర్రటి నీళ్ళు, రెండు చేతులూ చాపి, నోరంతా తెరిచి. ఏం అరిచాడో హోరులో వినబడలేదు. టీవీలో ఏ దొరబిడ్డా అంత బాగా నిలబడలేదని ఈ వయసులో ప్రమాణం చేసి చెప్పగలను.

దీనికి ఇద్దరు కావాలి. చెక్క ముందు కొసకు తాడు కట్టి, ఒకడు ఎగువ బండ మీద కూర్చుని, తాడు నడుముకు ఒక చుట్టు తిప్పి పట్టుకోవాలి. అల మీద ఉన్నవాడు పడిపోతే లాగాలి. మేం దానికి పేర్లు పెట్టుకున్నాం. ఒకడిది సవారి, ఒకడిది పట్టు. సవారి చేసేవాడి ప్రాణం పట్టు పట్టినవాడి నడుముకు చుట్టి ఉండేది. వాడు పట్టు పడితే నాకు భయమే ఉండేది కాదు. నేను పట్టు పట్టినప్పుడు వాడికి భయం ఉండేదో లేదో వాడు చెప్పలేదు.

ఆ సంవత్సరమే మమ్మల్ని ఒకసారి తెప్ప ఎక్కనిచ్చారు. నేను అడవి దాటి లోకం చూసిన మొదటి ప్రయాణం అది. వాళ్ళ అయ్య ముందు, చిన్నాయన వెనక. నడిమధ్య మట్టి మెత్తి చేసిన పొయ్యి. చిన్నాయన నడుస్తున్న తెప్ప మీద నుంచే గాలం వేసి చేపలు పట్టి, చింతచిగురుతో పులుసు కాచాడు. తెప్ప కింద వెదుళ్ళ సందుల్లోంచి నీళ్ళు గుసగుసలాడుతుంటే పులుసన్నం తిన్నాం. తర్వాత చాలా దూరాలు తిరిగాను, రైళ్ళెక్కాను, ఇల్లందు గనుల బస్సుల్లో నిలబడి పోయాను. ప్రయాణమంటే నాకు మళ్ళీ అలా ఎప్పుడూ అనిపించలేదు.

పర్ణశాల దాటుతుండగా నేను, "రాముడు గూడ తెప్ప మీదనే గోదారి దాటిండా?" అని అడిగాను.

"మరేంది," అన్నాడు నేస్తం వాళ్ళ అయ్య, గడ వేస్తూ. "ఆయనకు విల్లు పట్టుడు వచ్చు గని గడ పట్టుడు రాదు. కూసోబెట్టి దాటిచ్చిర్రు, నిన్ను దాటిచ్చినట్టు."

"గుడి మాత్రం ఆయనకే కట్టిర్రు," అన్నాడు చిన్నాయన వెనక నుంచి. "దాటిచ్చినోనికి గుడిసె గూడ లేకపాయె."

అన్నదమ్ములిద్దరూ నవ్వారు. భద్రాచలం రేవులో మమ్మల్ని దింపి, తెప్పతో కిందికి సాగిపోయారు. మేం గుడి దగ్గర పులిహోర తిని, అడవి దారిన నడిచి ఇల్లు చేరాం. నేను దారంతా మాట్లాడుతూనే ఉన్నాను. వాడు వింటూనే ఉన్నాడు.

మరుసటి ఏడు ఎర్రనీళ్ళు తొందరగా వచ్చాయి. చెక్క తీశాం, నూనె పట్టించాం. నిరుటి కొబ్బరితాడు మొదటి రోజే పుటుక్కుమని తెగింది. నేను వంద గజాలు కొట్టుకుపోయి చెట్టుకొమ్మ పట్టుకున్నాను. అడ్డతీగ కావాలి. విస్తరాకులు కుట్టే అడ్డాకు ఏ తీగదో ఆ తీగే. దాన్ని మించిన తాడు అడవిలో లేదు. కాని పచ్చిది పనికిరాదు. కొండెక్కి కొయ్యాలి, బెరడు ఒలవాలి, నాలుగు రోజులు నానెయ్యాలి. మా అల నిలబడేదే నాలుగైదు రోజులు. నీళ్ళు ఇంకొంచెం పెరిగితే ఆనకట్ట మునిగి అల మాయమైపోతుంది.

రేవులో తెప్పలు కట్టి ఉన్నాయి, బయల్దేరడానికి సిద్ధంగా. వెదుళ్ళన్నిటినీ బిగించినవి నానిన అడ్డతీగ కట్లే. ఒక్కో తెప్పకు వందకు తక్కువ కావు. నేను మా నాయిన కూరలు తరిగే కత్తి తీసుకుని, మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నప్పుడు, ఒక తెప్ప అడుగున చెయ్యి పెట్టి పొడుగాటి కట్టు ఒకటి కోసి లాగాను. పైకి కనబడే కట్టు కొయ్యలేదు, తెలిసిపోతుందని. అడుగున అడ్డంగా పోయే కట్టు, అన్నిటినీ కలిపి పట్టేది, అదే కోశాను. వంటవాడి కొడుకును, తెప్ప కట్టడం నాకేం తెలుసు? ఆ మాట అరవై ఏళ్ళుగా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను.

"యాడిది నేస్తం ఈ తీగె?" అన్నాడు వాడు.

"క్యాంపుల మిగిలింది."

వాడు నమ్మాడు. ఆ రోజంతా ఆడాం. నేను సవారి చేశాను, మొదటిసారి లేచి నిలబడ్డాను. వాడు పట్టు పట్టాడు.

మరునాడు పొద్దున తెప్పలు కదిలాయి. ఆనకట్టకు ఒక పక్కన తెప్పలు దిగడానికి సన్నటి సందు ఉండేది. వాళ్ళ అయ్య, చిన్నాయన ఉన్న తెప్ప ఆ సందులో మలుపు తిరుగుతూ నడిమికి చీలింది. చూసినవాళ్ళు చెప్పారు, చప్పుడు తుపాకీ పేలినట్టు వచ్చిందని. ముందు ముక్క మీద అయ్య ఒడ్డుకు తగిలాడు. వెనక ముక్క విచ్చిపోయింది. వందల వెదుళ్ళు ఒక్కసారిగా నిట్టనిలువుగా లేచి చిన్నాయన మీద పడ్డాయి. మూడో రోజు దిగువన దొరికాడు.

ఒడ్డుకు తగిలిన ముక్క అడుగున కట్టు కోసేసి ఉండడం చూసి, తెప్ప చీలిన సాయంత్రమే క్యాంపు ముందు విచారణ పెట్టారు. కాంట్రాక్టరు మనిషి ఒకడు, పెద్ద మీసాలవాడు, అందరూ మేస్త్రీ అనేవారు, కుర్చీలో కూర్చున్నాడు. పక్కన అడవి గార్డు. మా దోనెచెక్క, తీగతో సహా, వాళ్ళ కాళ్ళ దగ్గర పడేసి ఉంది. నేస్తం వాళ్ళ అయ్య ఆ తీగను చేతిలోకి తీసుకున్నాడు. బెరడు ఒలవడంలో ఒక్కొక్కడిది ఒక్కో తీరు. ఆయన వేలితో దాని వెంబడి తడిమాడు.

"నేను ఒలిచిన తీగెనే ఇది," అన్నాడు. కొడుకు వైపు చూశాడు.

చెక్క గూడెం పిల్లవాడిదని అందరికీ తెలుసు. వాణ్ణి పట్టుకొచ్చి నిలబెట్టారు. తీగ ఎక్కడిదో వాడికి అప్పుడే, ఆ క్షణానే అర్థమైంది. నాకు కనబడింది అర్థం కావడం. జనంలో నేను నిలబడ్డ వైపు మాత్రం వాడు తల తిప్పలేదు.

"ఒక్కడు ఆడేది గాదు గదరా ఇది," అన్నాడు మేస్త్రీ. "నువ్వు చెక్క మీదుంటే తీగె పట్టినోడు ఎవడు? వాని పేరు చెప్పు, ఇడిచిపెడ్త."

వాడు పలకలేదు. గార్డు వెదురు బెత్తం తీసుకున్నాడు. మొదట వీపు మీద, తర్వాత కాళ్ళ మీద. పేరు, పేరు, అంటూనే కొట్టాడు. ఒక దెబ్బ చెవి మీద పడి పైకొస చీలింది, నెత్తురు భుజం మీదికి కారింది. వాడికి నా పేరు పలకడం నిషేధం, నిజమే. వేలు చూపించడం నిషేధం కాదు. చిటికెన వేలు లేపినా చాలు. వాడి చేతులు రెండూ తొడలకు అంటుకుని అలాగే ఉన్నాయి.

అప్పుడు మేస్త్రీ చూపు నా మీద పడింది.

"అరే వంటాయన కొడుకా, ఇటు రా. నువ్వు వీళ్ళతోని తిరుగుతవు గదా. ఎవడు కోసిండు తీగె?"

మా నాయిన షెడ్డు గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల పప్పు అడుగంటుతున్న వాసన వస్తోంది. అన్నేళ్ళ వంటలోనూ ఆయన పప్పు మాడ్చలేదు. ఆ గరిటె పోతే మాకు షెడ్డు లేదు, అన్నం లేదు. ఇవన్నీ నేను అప్పుడు ఆలోచించానని చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది. ఆలోచించలేదు. బెత్తం చూశాను, అంతే.

పేరు చెప్పాను. బడిలో హాజరు పిలిచినట్టు, ఇంటిపేరుతో సహా, తండ్రి పేరుతో సహా, గూడెం పేరుతో సహా. స్పష్టంగా, తడబడకుండా.

అంతసేపు దెబ్బలకు కదలనివాడు అప్పుడు కదిలాడు. ఎవరో వెనక నుంచి పిలిస్తే తిరిగినట్టు తిరిగి నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

"తీగె పట్టింది ఎవరో నాకు తెల్వదు," అని కూడా అన్నాను, ఎవరూ అడగకుండానే.

ఆ ఏడు ఆ గూడేనికి తెప్పల పని ఇవ్వలేదు. సొంత తమ్ముణ్ణి సొంత కొడుకు చంపాడన్న మాట ఆ అయ్య నెత్తిన పడింది. ఆయన మళ్ళీ గడ పట్టలేదు. వానలు ఆగకముందే ఆ కుటుంబం కొండ మీది గూడేనికి ఎక్కిపోయింది. మా ఇంట్లో దీని గురించి ఒక్క మాట జరిగింది. విచారణ మరునాడు నాయిన నా ముందు కూరల కత్తి పెట్టాడు.

"పసరంటింది దీనికి. బూడిదేసి తోము," అన్నాడు.

తోమాను. ఆయన చచ్చిపోయేదాకా మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. ఏ కూర తరగడానికీ ఆ కత్తి మాత్రం ముట్టలేదు.

మరుసటి ఎండాకాలం బెల్లం గడ్డ తీసుకుని కొండెక్కాను. అవ్వ గుడిసె ముందు కూర్చుని ఉంది. ఆకుడొప్పలో నీళ్ళిచ్చింది.

"తేనెకు పోయిండు బిడ్డా," అన్నది.

వాడి కాళ్ళు గుడిసె వెనక తడిక కింద నుంచి నాకు కనబడుతూనే ఉన్నాయి. బెల్లం అక్కడ పెట్టి దిగి వచ్చాను.

తర్వాత సంతలో చూశాను, నాలుగైదేళ్ళకొకసారి. వాడు ఉప్పు రాశుల వైపు తిరిగేవాడు, నేను కుండల వైపు తిరిగేవాణ్ణి. నేను దొరికిన కాగితమల్లా చదువుకున్నాను. పోడు భూముల పట్టాల కోసం గూడేల వాళ్ళకు దరఖాస్తులు రాశాను, ములకలపల్లి దాకా పోయి రాశాను. ఆఫీసర్లతో గొంతు చించుకుని కొట్లాడాను. నన్ను కోపిష్టి ముసలాయన అంటారు, మంచివాడని కూడా అంటారు. ఆ కోపంలో సగం ఎవరి మీదో వాళ్ళకు తెలియదు. కొండ మీది గూడెంలో అన్ని ఇళ్ళకూ రాశాను. ఒక్క ఇంటాయన మాత్రం తన కాగితం వేరే ఎవరితోనో రాయించుకున్నాడు.

మొన్న సంతకు బుట్టలు అమ్మడానికి వచ్చిన ఆ గూడెం ఆడమనిషి చెప్పింది, ఆ ఇంటాయనను దవాఖానాలో పడేశారని, ఊపిరాడడం లేదని. అందుకే వచ్చాను.

బల్ల మీంచి లేచాను. టీవీలో ఆట అయిపోయి సబ్బుల ప్రకటన వస్తోంది. పేరు చెప్పకపోతే వెతుక్కోవాలి. మొదటి వార్డు మొత్తం మంచం మంచం చూశాను. రెండో వార్డులో కిటికీ పక్కన, ముక్కుకు గొట్టం పెట్టుకుని పడుకున్న మనిషి ఎడమ చెవి పైకొస చీలి ఉంది.

ఒక నడివయసు ఆడమనిషి, కోడలు కాబోలు, బన్ను టీలో ముంచి నోటికి అందిస్తోంది. నేను మంచం పక్కన నిలబడ్డాను. ఆయన కళ్ళు నా మీదికి వచ్చి ఆగాయి.

"నేస్తం," అన్నాను.

ఆయన బన్ను పక్కకు నెట్టాడు. ఊపిరి కూడదీసుకున్నాడు. తర్వాత నా పేరు పలికాడు. నెమ్మదిగా, మర్యాదగా, చివర గారు చేర్చి. అన్ని బెత్తం దెబ్బలకు రాని పేరు.

"...గారా. కూసోండ్రి."

స్టూలు మీద కూర్చున్నాను.

"తీగె కోసింది నేను," అన్నాను.

"ఎరికే," అన్నాడు. "కోసిన తావు నున్నగ ఉండె. మా గూడెంల అసొంటి కత్తి లేదు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మా అయ్య గూడ ఎరుక పట్టిండు. పోయే ముందల చెప్పిండు."

"ఎవలు మామా ఈయన?" అన్నది కోడలు.

"ఊరాయన," అన్నాడు. "కింది ఊరు. మంచోడే. దరఖాస్తులు రాస్తడు."

కళ్ళు మూసుకున్నాడు. నన్ను వదిలించుకోవడానికి కాదు, అలసిపోయి. కోడలు నాకూ ఒక బన్ను ఇవ్వబోయింది, వద్దన్నాను. గొట్టం చప్పుడు వింటూ ఇంకొంతసేపు కూర్చుని లేచాను.

బయటికి వస్తుంటే కిటికీ పిల్ల నన్ను గుర్తుపట్టింది.

"దొరికిండా తాతా మీ పేషెంటు?"

"దొరికిండు బిడ్డా."

"ఏం పేరో చెప్పు మరి. రాసి పెడ్త, మళ్ళొస్తే తిప్పలుండదు."

ఇప్పుడు చెప్పవచ్చు. నా పేరు పలికి ఆయన నన్ను విడిచిపెట్టాడు, నాకే నిషేధమూ మిగల్లేదు. పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా, నాలుక మీదికి వచ్చి కూర్చుంది. ఆ రోజు ఎంత స్పష్టంగా వచ్చిందో అంత స్పష్టంగా. పిల్ల కలం పట్టుకుని చూస్తోంది.

"లైను పెద్దగున్నది బిడ్డా, నీ పని చూసుకో," అని బయటికి నడిచాను.

అక్కడ పలకలేదు. ఇక్కడా రాయలేదు.